మునిగిన ఓడ దగ్గర మొదటి డైవ్: ఆరు డైవ్‌ల అనుభవం సరిపోతుందా?

మియాపూర్_మురళి
గత డిసెంబరులో కర్ణాటకలోని నేత్రాణి ద్వీపం దగ్గర ఓపెన్ వాటర్ కోర్సు (డైవింగ్‌లో మొదటి మెట్టు) పూర్తి చేశాను. ఈత కొలనులో చేయవలసిన శిక్షణ అంతా హైదరాబాద్‌లోనే జరిగింది. కోర్సులో నాలుగు, ఆ తరువాత రెండు, మొత్తం ఆరు డైవ్‌లు నా పుస్తకంలో ఉన్నాయి. చిన్నప్పుడు విశాఖ బీచ్‌లో మా నాన్నగారు సముద్రం వైపు వేలు చూపించి, అక్కడెక్కడో అడుగున ఘాజీ జలాంతర్గామి పడి ఉందని చెప్పినప్పటి నుంచి నాకు మునిగిన ఓడలంటే విడిచిపెట్టలేని ఆసక్తి. డైవింగ్ నేర్చుకున్నది కూడా అందుకే.

మే నెలలో ముగ్గురు మిత్రులం బాలి వెళుతున్నాం. ఏడు రోజుల సెలవు దొరికింది. తులాంబెన్‌లోని లిబర్టీ ఓడను చూడాలని మా కోరిక. ఫోనులో మాట్లాడిన ఒక డైవింగ్ సంస్థవారు, ఓడ లోపలికి కూడా తీసుకువెళ్తామనీ, అనుభవం తక్కువైనా పరవాలేదనీ అన్నారు. మా ఆవిడ మాత్రం ఆ మాట విన్నప్పటి నుంచి నిద్రపోవడం లేదు. నా చివరి డైవ్‌లో గరిష్ఠ లోతు 18 మీటర్లు, సగటు లోతు 14 మీటర్లు. 28 నిమిషాల్లో సిలిండర్‌లో గాలి పీడనం 200 బార్ నుంచి 50 బార్‌కు వచ్చింది. ఈ అనుభవంతో లిబర్టీకి వెళ్లవచ్చా? వెళ్లేలోపు హైదరాబాద్‌లో ఉండి నేను ఏం సాధన చేయాలి?

చార్మినార్_చేప
నేను ఎనిమిది డైవ్‌ల అనుభవంతో లిబర్టీ చూశాను, గైడు వెంట రెండుచోట్ల ఓడ పక్కటెముకల మధ్యగా దాటాను, ఏ ఇబ్బందీ కలగలేదు. పైకప్పు చాలాచోట్ల కూలిపోయి తెరుచుకుని ఉంటుంది కాబట్టి, లోపల ఉన్నా పైన వెలుతురు కనిపిస్తూనే ఉంటుంది. అనవసరంగా భయపెట్టుకోకండి, వెళ్లి రండి.

తార్నాక_తరంగం
చేప గారూ, మీకు ఇబ్బంది కలగకపోవడం సంతోషమే, కానీ దాన్ని ఇంకొకరికి హామీగా ఇవ్వకూడదు. నా తొమ్మిదో డైవ్‌లో ఏం జరిగిందో చెబుతాను. ఓడ పేరూ, తీసుకువెళ్లినవారి పేరూ చెప్పను.

మేము నలుగురం గైడు వెనుక వరుసగా ఒక గదిలోకి వెళ్లాం. లోపలి ద్వారం నుంచి బయటి ద్వారానికి పది మీటర్లు కూడా ఉండదు, అవతలి వెలుతురు నీలంగా కనిపిస్తూనే ఉంది. నాకంటే ముందున్న వ్యక్తి కాళ్లను సైకిలు తొక్కినట్టు ఆడించాడు. నేలమీద ఏళ్ల తరబడి పేరుకున్న సన్నని ఒండ్రు ఒక్కసారిగా లేచింది. అప్పటివరకు కనబడిన నీలం వెలుతురు గోధుమరంగులోకి మారి, ఆ తరువాత పూర్తిగా పోయింది. టార్చి వెలిగిస్తే పొగమంచులో హెడ్‌లైటు వేసినట్టు తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించలేదు. పైకి వెళ్దామనుకుంటే తల ఇనుముకు తగిలింది. పైన నీళ్లు లేవు, ఇనుప కప్పు ఉంది అన్న సంగతి నాకు తలతోనే అర్థమైంది. చేతితో గోడ తడుముకుంటూ ముందుకు కదిలాను. మొత్తం ఒక నిమిషం కూడా పట్టి ఉండదని తరువాత నా డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం చూపే చేతి పరికరం) చూస్తే తెలిసింది. కానీ ఆ నిమిషంలో నేను పీల్చుకున్న గాలి మామూలుగా మూడు నాలుగు నిమిషాలకు సరిపోయేది. ముంజేయి తుప్పు అంచుకు తెగింది. హైదరాబాద్ వచ్చాక టెటనస్ ఇంజెక్షన్ చేయించుకున్నాను, మచ్చ ఇప్పటికీ ఉంది.

మా బృందంలో ఎవరి దగ్గరా తిరిగి వచ్చే దారి చూపే తాడు రీలు లేదు. రెండో టార్చి గైడు దగ్గర మాత్రమే ఉంది. దాటిపోయే దారి చిన్నదే కదా అని అందరం అనుకున్నాం.

బేగంపేట_బుడగ
చదువుతుంటేనే గుండె దడదడలాడింది. మురళి గారూ, ఈ పోస్టు మీ ఆవిడకు చూపించకండి.

తార్నాక_తరంగం
చూపించమనే నా అభిప్రాయం. ఆవిడ భయానికి కారణం ఉందని ఆవిడకూ తెలియాలి, ఏం జాగ్రత్త తీసుకుంటే ఆ భయం తగ్గుతుందో కూడా తెలియాలి.

సైనిక్‌పురి_శంకర్
మురళి గారు అంకెలు ఇవ్వడం మంచిదైంది, చాలామంది ఇవ్వరు. వాటితోనే మాట్లాడుకుందాం.

మామూలు అల్యూమినియం సిలిండర్ నీటి పరిమాణం దాదాపు 11.1 లీటర్లు. మీరు 150 బార్ ఖర్చు చేశారు, అంటే సుమారు 1,665 లీటర్లు, 28 నిమిషాల్లో. నిమిషానికి 59 లీటర్ల పైచిలుకు. సగటు లోతు 14 మీటర్ల దగ్గర పీడనం 2.4 బార్ కాబట్టి, నీటి ఉపరితలం లెక్కన మీ వాడకం నిమిషానికి దాదాపు 25 లీటర్లు. కొత్తవారికి ఇది సహజమే, ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, కానీ ప్రణాళిక మాత్రం ఈ అంకె మీదనే నడవాలి.

ఇప్పుడు 25 మీటర్ల లోతుకు వెళ్లారనుకోండి. నీటి ఉపరితలం దగ్గర పీడనం ఒక బార్, అక్కడి నుంచి ప్రతి పది మీటర్లకు ఒక బార్ చొప్పున పెరుగుతుంది కాబట్టి అక్కడి పీడనం 3.5 బార్. మీ వాడకం నిమిషానికి 87 లీటర్లు దాటుతుంది. 50 బార్ దగ్గర పైకి రావాలి అన్న వాడుక నియమం ప్రకారం చూస్తే 19 నిమిషాలు దొరుకుతాయి. కానీ ఆ 50 బార్ నియమం 25 మీటర్ల దగ్గర పనికిరాదు. మీ బడ్డీ (మీకు జతగా డైవ్ చేసేవారు) రెగ్యులేటర్, అంటే గాలి అందించే పరికరం, మొరాయించి, మీ సిలిండర్ నుంచే ఇద్దరూ గాలి పీల్చుకుంటూ పైకి రావలసి వస్తే ఏమవుతుందో చూడండి. ఆందోళనలో ఒక్కొక్కరికి నిమిషానికి 30 లీటర్లు వేసుకుందాం, ఇద్దరికీ 60. అడుగున తేరుకోవడానికి ఒక నిమిషం, అంటే 210 లీటర్లు. నిమిషానికి తొమ్మిది మీటర్ల వేగంతో పైకి రావడానికి మూడు నిమిషాలు, అంటే సుమారు 405. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్‌కు 270. మొత్తం 885 లీటర్లు, అంటే సిలిండర్‌లో 80 బార్. కాబట్టి 80 బార్ కనిపించగానే మీరు పైకి బయలుదేరాలి. దాంతో 25 మీటర్ల దగ్గర మీకు మిగిలేది దిగే సమయంతో కలిపి పదిహేను నిమిషాలు.

ఇదంతా ఓడ బయట ఉంటేనే. లోపలికి వెళ్లేవారు గాలిని మూడు వాటాలు చేసుకుంటారు: వెళ్లడానికి ఒకటి, తిరిగి రావడానికి ఒకటి, ఆపదకు ఒకటి. పదిహేను నిమిషాల గాలిలో మూడో వంతు అంటే ఎంతో మీరే లెక్క వేసుకోండి. ఆరు డైవ్‌ల దగ్గర లోపలికి వద్దు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

చార్మినార్_చేప
శంకర్ గారి లెక్కను నేను కాదనను. కానీ ఆయన 25 మీటర్లు తీసుకున్నారు. లిబర్టీ పైభాగం దాదాపు ఐదు మీటర్ల లోతులోనే మొదలై, కింది భాగం 30 మీటర్ల వరకు వాలుగా దిగుతుంది. మురళి గారి ఓపెన్ వాటర్ కార్డు 18 మీటర్ల వరకే కాబట్టి, ఆయన ఆ పరిధిలోనే ఉండి ఓడలో ఎక్కువ భాగం చూడవచ్చు. పదిమీటర్ల లోతులో ఆయనకు అరగంట పైన సమయం దొరుకుతుంది. అందుకే మొదటి ఓడగా దాన్ని మించింది లేదని అంటాను.

సైనిక్‌పురి_శంకర్
ఈ మాట ఒప్పుకుంటాను. లిబర్టీ మంచి ఎంపికే. నా అభ్యంతరం ఫోనులో "లోపలికి తీసుకువెళ్తాం" అన్న ఆ మాట మీద. మన డైవ్‌ల సంఖ్య అడగకుండా ఆ మాట అన్నవారితో వెళ్లవద్దు.

ఈసీఐఎల్_ఇంజనీర్
ఓడ చరిత్ర తెలిసి వెళితే కళ్లకు వేరే విధంగా కనబడుతుంది. 1942 జనవరిలో జపాన్ జలాంతర్గామి టార్పెడో దెబ్బకు లిబర్టీ దెబ్బతింది. లాక్కుపోతుండగా నీళ్లు నిండడంతో తులాంబెన్ ఒడ్డుకు చేర్చి వదిలేశారు. ఇరవై ఏళ్లకు పైగా అది ఒడ్డునే ఉంది. 1963లో ఆగుంగ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు అది ఇప్పుడున్న చోటికి, నీళ్లలోకి జారింది. ఒక కొండ కదిలించి సముద్రానికి అప్పజెప్పిన ఓడ అది, అందుకే ఒడ్డు నుంచి నడిచి వెళ్లి చూడగలుగుతున్నాం.

బేగంపేట_బుడగ
ఒడ్డు నుంచి నడక అన్నారు కాబట్టి ఒక మాట. అక్కడి బీచ్ అంతా ఇసుక కాదు, నున్నటి నల్లరాళ్లు. సిలిండర్ వీపున పెట్టుకుని, అల వచ్చే సమయంలో ఆ రాళ్ల మీద నడవడం నాకు డైవ్ కంటే కష్టమైంది. గట్టి అడుగు ఉన్న బూట్లు తప్పనిసరి. అక్కడి ఆడవాళ్లు సిలిండర్లను నెత్తిన పెట్టుకుని, మన ఊళ్లలో బిందె మోసినంత తేలికగా ఒడ్డుకు చేరుస్తారు. ఆ దృశ్యం చూసి వారి పట్ల ఎంతో గౌరవం కలిగింది. తెల్లవారుజామునే నీళ్లలోకి దిగగలిగితే, నుదుటి మీద పెద్ద బుడిపె ఉండే చిలుక చేపల గుంపు ఓడ దగ్గర కనబడుతుంది. తొమ్మిది దాటితే మనుషుల గుంపే ఎక్కువ.

విశాఖ_అల
ఘాజీ ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. అది 1971 డిసెంబరులో మునిగింది, అందులోని 93 మందీ చనిపోయారు. అది యుద్ధ సమాధి. ఎవరైనా పడవ యజమాని అటు తీసుకువెళ్తానంటే నమ్మవద్దు, వెళ్లనూ వద్దు.

కానీ మురళి గారికి విశాఖలోనే ఒక మంచి పాఠం ఉంది. ఆర్కే బీచ్‌లో ఒడ్డున నిలబెట్టిన కుర్సురా జలాంతర్గామి మ్యూజియంలోకి ఒకసారి వెళ్లండి. 2002 నుంచి అది సందర్శకులకు అందుబాటులో ఉంది, పొడవు 91 మీటర్లు. లోపల ఒక గదినుంచి ఇంకో గదికి పోవడానికి గుండ్రటి ద్వారాలు ఉంటాయి, ఒక కాలు ముందు పెట్టి, నడుము వంచి, తల దించి దాటాలి. దాటేటప్పుడు ఒక్క క్షణం ఆగి, వీపున సిలిండర్ ఉందనీ, కాళ్లకు ఫిన్స్ ఉన్నాయనీ, గొట్టాలు పక్కలకు వేలాడుతున్నాయనీ, లైట్లు ఆరిపోయాయనీ ఊహించుకోండి. నేను పదిహేనుసార్లు ఆ మ్యూజియం చూశాను, కానీ డైవింగ్ నేర్చుకున్నాక చూసినప్పుడే అక్కడ ఎన్ని కొక్కేలు, ఎన్ని పిడులు, ఎన్ని అంచులు ఉన్నాయో గమనించాను. ప్రతి ఒక్కటీ గొట్టాన్ని పట్టుకోగలిగినదే.

మియాపూర్_మురళి
విశాఖ_అల గారూ, నేను చిన్నప్పుడు కుర్సురా లోపల నడిచాను, కానీ ఈ కోణంలో ఎన్నడూ ఆలోచించలేదు. తార్నాక_తరంగం గారి పోస్టు మా ఆవిడకు చదివి వినిపించాను. "లోపలికి వెళ్లనని రాసి ఇస్తే వెళ్లు" అంది. రాసి ఇచ్చాను.

ఇప్పుడు నా సందేహం ఇది: బాలికి ముందు మన దేశంలోనే ఎక్కడైనా ఓడ చూసి అలవాటు పడాలా?

ఈసీఐఎల్_ఇంజనీర్
గోవా వెళ్లండి. గ్రాండీ ద్వీపం దగ్గర సుజీస్ రెక్ అనే పాత ఓడ శిథిలం ఉంది, లోతు తక్కువ, మీ కార్డు పరిధిలోనే ఉంటుంది. హైదరాబాద్ నుంచి రైల్లో వెళ్లవచ్చు. వర్షాకాలంలో అక్కడ డైవింగ్ ఉండదు, అక్టోబరు నుంచి మే వరకే.

చార్మినార్_చేప
గోవాలో నీళ్లు మసకగా ఉంటాయి. నేను వెళ్లిన రోజు నాలుగు మీటర్లకు మించి కనబడలేదు. మొదటి ఓడను అలా తడుముకుంటూ చూస్తే ఆ కోరికే చచ్చిపోతుంది.

ఈసీఐఎల్_ఇంజనీర్
కోరిక చావదు. మసక నీళ్లలో బడ్డీని కోల్పోకుండా, లోతు చూసుకుంటూ, గాలి చూసుకుంటూ నలభై నిమిషాలు ఉండగలిగినవారికి తులాంబెన్ అరచేతిలో ఉన్నట్టు ఉంటుంది. ఓడ అందం చూడటానికి గోవా వద్దు, అలవాటు పడటానికి వెళ్లమంటున్నాను.

తార్నాక_తరంగం
ఇద్దరి మాటా సగం సగం ఒప్పుకుంటాను. గోవాకు వెళ్లినా, రెండు రోజులు ఓడ లేని చోట డైవ్ చేసి, ఆ తరువాత ఓడ చూడమని నా సలహా. కనీసం ఇరవై డైవ్‌లు అయ్యేవరకు ఓడను బయటినుంచి చూడటమే చాలు, నిజానికి అసలు అందమంతా బయటే ఉంటుంది. పొగగొట్టం మీద పెరిగిన మెత్తటి పగడాలు, ఇనుప కమ్మీల మధ్య దాక్కున్న సింహం చేపలు, తుపాకీ తిరిగే చట్రం, ఇవన్నీ లోపలికి పోయేవారు గమనించకుండా దాటిపోతారు.

సింహం చేపల ముళ్లలో విషం ఉంటుంది, రాతి చేపలు అచ్చం తుప్పు ముక్కలా పడి ఉంటాయి. దేన్నీ పట్టుకోకండి, దేనిమీదా మోకాలు ఆనించకండి. అక్కడి నుంచి చిన్న మేకు కూడా తీసుకురావద్దు.

సైనిక్‌పురి_శంకర్
గోవా, బాలి అన్న చర్చకంటే, ఓపెన్ వాటర్ తరువాతి మెట్టయిన అడ్వాన్స్‌డ్ కోర్సు సంగతి ముఖ్యం. అందులో ఐదు డైవ్‌లు ఉంటాయి. లోతు డైవ్, దిక్సూచితో దారి కనుక్కునే డైవ్ తప్పనిసరి. మిగతా మూడింటిని మనం ఎంచుకోవచ్చు. మురళి గారు బాయన్సీ (నీళ్లలో నిలకడగా తేలడం) ఒకటి, మునిగిన ఓడ ఒకటి ఎంచుకుంటే, బాలి ప్రయాణమే కోర్సుగా మారుతుంది. ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉంటాడు. కార్డు పరిధి 30 మీటర్లకు పెరుగుతుంది. అయితే 30 మీటర్ల దగ్గర డైవింగ్ పట్టిక ప్రకారం డీకంప్రెషన్ (పైకి వస్తూ మధ్యలో ఆగి ఒంట్లోని నైట్రోజన్‌ను వదిలించుకోవడం) అవసరం లేకుండా ఉండగలిగేది 20 నిమిషాలే. అదీ కాక ఆ లోతులో నైట్రోజన్ వల్ల మత్తు కమ్మినట్టు ఉంటుంది, చిన్న లెక్క కూడా ఆలస్యంగా తడుతుంది. ఆ లోతుకు తొందర లేదు.

బేగంపేట_బుడగ
మిత్రుడొకరు తన మొదటి ఓడగా ఎర్ర సముద్రంలోని థిసిల్‌గార్మ్ చూడాలని పట్టుబడుతున్నాడు. అది ఎలా ఉంటుంది?

సైనిక్‌పురి_శంకర్
1941 అక్టోబరులో జర్మన్ విమానాల బాంబు దెబ్బకు మునిగిన బ్రిటిష్ సరుకు ఓడ అది. లారీలు, మోటారు సైకిళ్లు ఇప్పటికీ గోదాముల్లో వరుసగా ఉంటాయి. చూడవలసినదే, కానీ 30 మీటర్ల లోతు, నీటి వడి బలంగా ఉండే రోజులు ఎక్కువ. కనీసం యాభై డైవ్‌లు చేశాక వెళ్లమని చెప్పండి. థాయ్‌లాండ్‌లోని కో తావ్ దగ్గర 2011లో కావాలనే ముంచిన సత్తకుట్ అనే నౌకాదళ ఓడ ఉంది. అది కూడా అడ్వాన్స్‌డ్ పూర్తయ్యాకే.

చెవి_వైద్యురాలు
నేను డైవర్‌ని, వృత్తిరీత్యా చెవి, ముక్కు, గొంతు వైద్యురాలిని. ఇక్కడ ఎవరూ చెవుల ప్రస్తావన తేలేదు. మొదటి పది మీటర్లలోనే పీడనం రెట్టింపు అవుతుంది కాబట్టి, చెవి నొప్పి మొదలయ్యాక కాక, దిగడం మొదలుపెట్టిన మొదటి మీటరు నుంచే చెవుల్లోని పీడనాన్ని సమం చేసుకుంటూ పోవాలి. జలుబు ఉంటే ఆ రోజు డైవ్ మానుకోవాలి. ముక్కు దిబ్బడ తగ్గించే మందు వేసుకుని దిగితే, మందు ప్రభావం నీళ్ల అడుగున తగ్గిపోయి, పైకి వచ్చేటప్పుడు గాలి చిక్కుకుని తీవ్రమైన నొప్పి వస్తుంది. దిగేటప్పుడు ఆగిపోవచ్చు, కానీ పైకి రాకుండా ఉండలేం కదా. సెలవు వృథా అవుతుందని జలుబుతో దిగి, చెవి పొర చిరిగి నా దగ్గరికి వచ్చినవారిని చూశాను. ఉబ్బసం ఉన్నవారు, గుండె సమస్య ఉన్నవారు ఆరోగ్య పత్రంలో దాచకుండా రాసి, వైద్యుని సంతకం తీసుకుని వెళ్లాలి.

తిరుగు ప్రయాణం విషయం కూడా రాసిపెట్టుకోండి. రోజుకు ఒకటికి మించి డైవ్‌లు చేసినా, వరుసగా కొన్ని రోజులు చేసినా, విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలి. ఏడు రోజుల్లో చివరి రోజు నీళ్ల జోలికి పోవద్దు.

మియాపూర్_మురళి
చివరి రోజు ఉదయం కూడా ఒక డైవ్ పెట్టుకున్నాం, సాయంత్రం విమానం. వెంటనే తీసేస్తున్నాను. ఈ సంగతి కోర్సులో చెప్పే ఉంటారు, నేనే మరిచిపోయాను. హైదరాబాద్‌లో చేయగలిగిన సాధన గురించి ఎవరైనా చెప్పండి.

తార్నాక_తరంగం
కొలను చాలు. మూడు మీటర్ల లోతు ఉన్న కొలనులో, నేలకు అడుగు ఎత్తున, చేతులు కట్టుకుని, కాళ్లు కదపకుండా ఐదు నిమిషాలు నిలిచి ఉండండి. ఊపిరితో మాత్రమే పైకీ కిందికీ కదలాలి. ఆ తరువాత కప్ప ఈదినట్టు కాళ్లను పక్కలకు తోసి ఈదడం నేర్చుకోండి, అప్పుడు నీళ్ల వెల్లువ కిందికి కాక వెనక్కి పోతుంది, ఒండ్రు లేవదు. మాస్కు తీసి మళ్లీ పెట్టుకోవడం కూడా ఇలా తేలుతూనే చేయాలి, మోకాళ్ల మీద కూర్చుని కాదు.

సైనిక్‌పురి_శంకర్
బరువులు చూసుకోండి. మీ వాడకం 25 లీటర్లు ఉండటానికి, నడుముకు అవసరానికి మించి బరువు కట్టడం ఒక కారణం కావచ్చు. సిలిండర్ దాదాపు ఖాళీ అయ్యాక, తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లో గాలి తీసేసి, మామూలుగా ఊపిరి బిగబట్టి నిలబడితే నీటిమట్టం మీ కళ్ల దగ్గర ఉండాలి. ఊపిరి వదలగానే మెల్లగా మునగాలి. అల్యూమినియం సిలిండర్ ఖాళీ అవుతున్నకొద్దీ తేలికవుతుంది, అందుకే నిండు సిలిండర్‌తో చూసిన లెక్క చివర్లో మోసం చేస్తుంది.

కొనవలసినవి రెండే: సొంత డైవ్ కంప్యూటర్, చేప వలలు తెంచడానికి చిన్న కత్తెర. మునిగిన ఓడలకు తెగిపోయిన వలలు చుట్టుకుని ఉంటాయి. మిగతావి అద్దెకు దొరుకుతాయి.

మియాపూర్_మురళి
మూడు వారాల తరువాత రాస్తున్నాను. ఫోనులో "లోపలికి తీసుకువెళ్తాం" అన్న సంస్థను వదిలేశాం. ఇప్పుడు మాట్లాడినవారు మొదటి ప్రశ్నగా డైవ్‌ల సంఖ్య, రెండో ప్రశ్నగా చివరిసారి ఎప్పుడు దిగారు అని అడిగారు. అడ్వాన్స్‌డ్ కోర్సు అక్కడే చేస్తున్నాం. ఏప్రిల్‌లో మూడు రోజులు గోవా వెళుతున్నాం, ఓడ మూడో రోజు మాత్రమే.

ప్రతి ఆదివారం ఉదయం కొలనుకు వెళుతున్నాను. మొదటి వారం ఒక్క నిమిషం కూడా నిలకడగా ఉండలేకపోయాను. ఒకసారి నేలకు, ఒకసారి పైకి, దుత్తలో కవ్వంలా తిరిగాను. శంకర్ గారు చెప్పినట్టు బరువులు చూసుకుంటే, నాకు కోర్సులో కట్టిన ఎనిమిది కిలోల్లో మూడు కిలోలు అదనమని తేలింది. అవి తీసేశాక నిన్న నాలుగు నిమిషాలు ఉండగలిగాను. మా ఆవిడ కొలను గట్టు మీద కూర్చుని గడియారం చూసింది.

సైనిక్‌పురి_శంకర్
చాలా సంతోషం. కొలనులోది మంచినీరు, గోవాలో ఉప్పునీరు కాబట్టి అక్కడ దాదాపు రెండు కిలోలు తిరిగి కట్టవలసి వస్తుంది. మొదటి రోజు ఒడ్డు దగ్గరే మళ్లీ పరీక్షించుకుని, ఆ అంకెను పుస్తకంలో రాసుకోండి. 28 నిమిషాల డైవ్ ఇప్పుడు ఎంతసేపు వస్తుందో ఇక్కడ రాయండి, లెక్క మళ్లీ వేద్దాం.